కుప్ప మీద ముద్ర

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మధ్యలో అంటే నిజంగానే మధ్యలో. లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడు కిటికీలోంచి దిగినవాణ్ణి, ఆయన ఇటు తిరిగేసరికి జీడితోటల్లో ఉన్నాను. అలాంటి నేను ఇప్పుడు టెక్కలిలో ఒక కాలేజీలో పని చేస్తున్నానంటే మా పలాస స్నేహితులు నమ్మరు. "కాలేజీలోనా, కేంటీన్లోనా?" అని ఆరా తీస్తారు. కాలేజీలోనే. చరిత్ర శాఖ వాళ్ళకి ఒక పొడుగాటి గది ఉంది. దాన్ని మ్యూజియం అంటారు. ఆ గది తాళాలు నా మొలతాడుకే ఉంటాయి.

అంతకుముందు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు చేశాను. మొదట గింజలు కాల్చే బట్టీ దగ్గర, తర్వాత డబ్బాల మీద రకమూ బరువూ రాసే పని. చదువు లేదు గాని చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. చదువుకుని ఉంటే రాత చెడిపోయేది. మందుల చీటీలు చూస్తున్నాం కదా.

ఆ చేతిరాతే నన్ను మ్యూజియానికి చేర్చింది. మా వైపు ఊళ్ళలో పెంకుటిళ్ళు పడగొట్టి స్లాబులు వేసుకుంటున్నారు. అటకలు దించినప్పుడు ఎవరికీ పేరు తెలియని సామాన్లు బయటపడతాయి. సగం పొయ్యిలోకి, సగం పాత సామాన్ల వాడి తోపుడుబండిలోకి పోయేవి. చరిత్ర చెప్పే మేడం వాటిని పోనివ్వకుండా కాలేజీకి చేర్చడం మొదలుపెట్టారు. ఆమెకి ఊళ్ళు తెలిసినవాడు, బండి ఉన్నవాడు, కార్డు మీద చక్కగా రాయగలిగినవాడు కావాలి. ముగ్గురికి జీతం ఇవ్వడం కంటే ఒక్కడికివ్వడం నయం కదా. అలా నేను కుదిరాను.

మేడం పద్ధతి వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చుట్టుపక్కల జనం ఎలా బతికారో తెలుసుకోవాలంటే మొదటి నెల పుస్తకం ముట్టుకోవద్దంటారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో వస్తువు ఇస్తారు. వారం రోజులు దాని ముందు కూర్చోవాలి. దీన్ని ఎవరు చేశారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరు కడిగారు, ఎవర్ని ముట్టుకోనివ్వలేదు అని దాన్నే అడగాలి.

"ఇది పెళ్ళిచూపుల్లా ఉంది మేడం," అన్నాను నేను. "అవతలి మనిషి నోరు విప్పదు, ఇవతలివాడు అన్నీ ఊహించుకుంటాడు."

ఆవిడ నవ్వి, నాకూ ఒక వస్తువు చేతిలో పెట్టారు. నౌపడ ఉప్పుమళ్ళ నుంచి తెచ్చిన పాత కర్ర అది, ఉప్పు పోగుచేసేది. పిడి మీద రెండు చోట్ల చెయ్యి పట్టి పట్టి గుంట పడింది. పై గుంటలో నా చెయ్యి చక్కగా ఇమిడింది. దానికి చాలా కిందుగా ఉన్న రెండో గుంటలో నా వేళ్ళు మూడే పట్టాయి. అక్కడ పట్టుకున్నది నా సగం ఎత్తు కూడా లేని మనిషి. మళ్ళీ మళ్ళీ పట్టుకుంటే తప్ప కొయ్య అలా అరగదు. ఆ రోజంతా నేను ఇంకో జోకు వెయ్యలేదు. నాకు జ్వరమేమోనని మేడం కనుక్కున్నారు.

అప్పటినుంచి నాకూ ఆ పిచ్చి పట్టింది. ఎవరింటికెళ్ళినా కాఫీ కంటే ముందు గ్లాసు అడుగు చూస్తాను. ఆ పిచ్చిలోనే మా మేనత్త ఇంట్లో ఉన్న కొయ్య గుర్తొచ్చింది.

సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో అత్త ఊరు. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మా వైపు భర్త పోయిన ఆడమనిషిని శుభకార్యాల్లో ముందుకి పిలవరు. పెళ్ళి జరుగుతుంటే అత్త వెనక వంటల దగ్గర ఉంటుంది, సారె సర్దుతుంటే పక్కింటి అరుగు మీద ఉంటుంది. ఎవరూ పొమ్మనరు, తనే జరుగుతుంది. కానీ ఏడాదికొకసారి ఊరు ఆమెను ముందు నడిపిస్తుంది. నూర్పులయ్యాక ధాన్యం తూర్పారబట్టి కుప్ప పోస్తారు. ఇంటికి చేర్చే ముందు ఆ కుప్ప చుట్టూ బూడిదనీళ్ళతో ముద్ర వెయ్యాలి. ముద్ర వేసే కొయ్య అత్త ఇంటిది. రెండు అరచేతులంత పలక, వెనక పిడి, ముందువైపు సన్నగా చెక్కిన నిలువుగీతలూ అడ్డగీతలూ, మధ్యలో చిన్న సున్న. ధాన్యలక్ష్మి ముద్ర అంటారు. అది పడ్డాక పంట నిలుస్తుందని నమ్మకం. ముద్ర వేసినందుకు ప్రతి ఇంటివాళ్ళూ అత్తకి చేటెడు గింజలు ఇస్తారు.

మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆయనే వేసేవాడు. ఆయన పోయిన ఏడాది నలుగురు వచ్చి, "కొయ్య ఇయ్యమ్మా, మేవే ఏసుకుంటాం," అన్నారట.

"కొయ్యకి కాళ్ళు నేవు. అది రావాలంటే నాను రావాల," అంది అత్త.

వాళ్ళు ముఖాలు చూసుకుని వెళ్ళిపోయారు. నాలుగు రోజులు ఎవరూ పిలవలేదు. అయిదో రోజు ఒక రైతు వచ్చి రమ్మన్నాడు. ఇప్పుడాయన ఊళ్ళో అందరికీ పెద్దాయన, నోట్లో ఎప్పుడూ చుట్ట ఉంటుంది. ఆయన కుప్ప మీద ముద్ర పడ్డాక మిగతా ఇళ్ళవాళ్ళూ వరసగా పిలిచారు. ప్రతి ఏడాదీ మొదటి ముద్ర ఆయన కుప్ప మీదే. అది పడితేనే మిగతావాళ్ళు పిలుస్తారు. చిత్రమేమిటంటే ఆ ఒక్క ఇంట్లో మాత్రం అత్త గింజలు పుచ్చుకోదు. మొదట పిలిచినవాడన్న అభిమానమని ఊరంతా అనుకుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

శ్రావణంలో వెళ్ళి కొయ్య అడిగాను. "కాలేజీలో అద్దాల పెట్టెలో పెడతారత్తా. దాని మీద లైటు కూడా ఏస్తారు."

"నాకు ఈదిలో లైటు నేదు. దానికి లైటా?" అని అత్త చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి పాత చీరముక్కలో చుట్టి ఇచ్చింది. "కోతలకి ముందు రావాల. రానేదో, కుప్ప మీద నిన్ను గుద్దుతాను."

ఆ ఏడాది డిగ్రీ రెండో సంవత్సరంలో అత్త ఊరి అమ్మాయి ఒకతి ఉంది, పెద్దాయన మనవరాలే. వాళ్ళ ఊరి కొయ్య కదా అని మేడం ఆమెకే ఇచ్చారు. ఆ అమ్మాయి అయిదు రోజులు దాని ముందు కూర్చుంది. నేను దాటినప్పుడల్లా, "ఏటమ్మా, మాటాడిందా?" అని అడిగేవాణ్ణి. తల అడ్డంగా ఊపేది. ఆరో రోజు మేడాన్ని పిలిచింది.

"మేడం, ఇది దీవెన కాదేమో."

గీతల సందుల్లో పైన కుంకుమ ఉంది, కింద బూడిద ఉంది, ఇంకా అడుగున గట్టిపడిన బంకమన్ను ఉంది. కుంకుమ ఈమధ్యది. దీవెనకైతే పద్మమో కలశమో చెక్కాలి. ఇంత సన్నగా, ఇంత దగ్గరగా గీతలెందుకు? ఒకసారి వేసి చూద్దామంది.

భావనపాడు ఒడ్డు నుంచి రెండు సంచుల ఇసుక తెచ్చాను. బల్ల మీద కుప్ప పోసి, బూడిదనీళ్ళతో చుట్టూ ముద్రలు వేశాం. మేడం నా వైపు చూశారు.

"ఇందులోంచి ఒక గుప్పెడు తియ్యండి. తీసినట్టు తెలియకూడదు."

నేను చొక్కా చేతులు మడిచాను. "మేడం, ఫ్యాక్టరీ గేటు దగ్గర జేబులు తడిమేవారు. అయినా మా ఇంట్లో పాయసంలో జీడిపప్పుకి లోటు లేదు. నా దగ్గరా?"

అడుగు నుంచి తీశాను. పైనున్న ఇసుక జారి గీతలు వంకర తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ముద్రలు సరిచేయించి ఈసారి రెండు ముద్రల సందున వేళ్ళు పెట్టాను. రెండూ చెదిరాయి. మూడోసారి కొనమీంచి చిటికెడు తీశాను. ఆ చిటికెడుకి కూడా ఒక గీత తెగింది. అరచేత్తో సర్దబోతే ఇంకా పాడైంది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతూనే చేతిలో ఉన్న ఇసుక చూసుకున్నాను. ఇది గింజలైతే, నావే అయితే, ఇంట్లో పొయ్యి వెలగకపోతే అనిపించింది. నవ్వు అక్కడే ఆగింది.

"ఇది తాళం," అన్నారు మేడం నెమ్మదిగా. ఈ ప్రాంతం జమీందారీ ఎస్టేట్ల కింద ఉన్న రోజుల్లో చాలాచోట్ల పంటని కళ్ళంలోనే పంచేవారట. ఎస్టేటు మనిషి వచ్చి కొలిచేదాకా, పండించినవాడు తన కుప్ప తానే ముట్టుకోకూడదు. అందుకు తడిమన్నుతోనో బూడిదతోనో ముద్రలు వేసి కాపలా పెట్టేవారు. ఇలాంటి కొయ్యలు వేరే చోట్ల కూడా చూశానన్నారు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మరి తాళం మీ మేనత్త ఇంట్లో ఎందుకుంది?"

నేను చీపురు తెచ్చి బల్ల మీది ఇసుక ఊడవడం మొదలుపెట్టాను.

తాళం దీవెనెలా అయిందని ఆ రోజంతా ఆలోచించాను. ఎస్టేట్లు పోయాయి, కొలిచేవాడు రావడం మానేశాడు. కొయ్య మాత్రం ఊళ్ళోనే మిగిలింది. ముద్ర లేని కుప్పని చూడడం ఎవరికీ అలవాటు లేదు. చూస్తే ఏదో వెలితిగా ఉండి ఉంటుంది. భయపడి వేయించుకున్నదాన్నే వాళ్ళ పిల్లలు అడిగి వేయించుకున్నారు, ఆ పిల్లల పిల్లలు దండం పెట్టారు. ఎవరో ఒకామె మొదటిసారి కుంకుమ పెట్టి ఉంటుంది. ఆమె తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో నాకు తెలుసుకోవాలనిపించింది. పుస్తకాల్లో రాజులు ఎప్పుడు పోయారో ఉంటుంది గాని, ఆ కుంకుమ సంగతి ఎక్కడుంటుంది?

కార్డు రాయాల్సింది నేనే. "పంట నిలవాలని కుప్ప మీద వేసే దీవెన ముద్ర" అని నా రాతలోకెల్లా మంచి రాతతో రాశాను.

మేడం చదివారు. "ఇది అబద్ధం కాదు, సగం. మిగతా సగం ఎక్కడ దాచారు?"

అప్పుడు అత్త సంగతి మొత్తం చెప్పాను. ఆ ముద్ర పని పోతే ఊళ్ళో ఆమెను ముందుకి పిలిచేది ఇంక ఏమీ లేదని చెప్పాను. ఈ గది చూడ్డానికి అన్ని ఊళ్ళవాళ్ళూ వస్తారు. అది తాళమనీ, ఆ తాళం వేసింది అత్త ఇంటివాళ్ళేననీ తెలిస్తే ఎవరు పిలుస్తారు?

మేడం కార్డు బోర్లించి బల్ల మీద పెట్టారు. "వారం ఆగుతాను. ఖాళీ కార్డు పెట్టను, సగం కార్డూ పెట్టను. ఆవిడ దగ్గరికి మీరే వెళ్ళి మాట్లాడండి."

వెళ్ళాను. అత్త వాకిట్లో కొబ్బరాకుల ముందు కూర్చుని చీపుళ్ళకి ఈనెలు చీరుతోంది.

"మొకం అలగున్నాదేటి? నీ పెళ్ళాం తన్నిందేటి?"

"ఒక మాట సెప్తానత్తా. కోపం తెచ్చుకోకు."

"నీ మాటలకి కోపం తెచ్చుకుంటే నాకు బీపీ మాత్తర్లు సాలవు. సెప్పు."

ఇసుక కుప్ప సంగతి చెప్పాను. నేను దొరికిపోయానంటే అత్త చీరడం ఆపకుండానే నవ్వింది. "ఎన్నిసార్లు?"

"మూడుసార్లూ."

"మీ మావయ్య ఉంటే ఇంకా సెయ్యి ఎట్టకముందే పట్టీసును." అంది. మేడం అది తాళమన్నారని నేను చెప్పేసరికి అత్త చేతులు ఆగాయి. "నాకు తెల్దనుకున్నావేటి?"

నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

"నాను కాపరానికొచ్చిన ఏడే మా అత్త సెప్పింది. ఈ ఇంటి మొగోల్లు ఎస్టేటు ముద్ర మోసినోల్లు. తెల్లారి లెగిసి కుప్పల సుట్టూ తిరిగి గీతలు సూసీవోల్లు. ఒక ఏడు ఆ పెద్దాయనింటి ఆడమనిసి, పిల్లలకి గంజికి నేక, ఆల్ల కుప్పలోంచే కొంగుడు గింజలు తీసింది. గీత సెదిరింది. ఈ ఇంటోడు సూసినాడు. సూసి ఊరుకోవొచ్చు గదా? ఎల్లి సెప్పీసినాడు. ఆమె మొగుణ్ణి ఎండలో ఒంగోబెట్టి ఈపు మీద రాయెట్టినారంట. మూడు పూటలు."

"తరవాత?"

"తరవాతేటి! మా అత్త కూడా అక్కడే ఆపీసింది."

కాకి ఒకటి ఈనెల కట్ట మీద వాలి ఎగిరింది. నాకు ఒక్కటే తట్టింది. "అందుకేనా ఆల్లింట గింజలు పుచ్చుకోవు?"

"మరెందుకనుకున్నావు? ఆల్ల గింజలు పుచ్చులనా?" అత్త మళ్ళీ ఆకు అందుకుంది. "మొగుడు పోయిన ఏడు ఈ ఊల్లో నన్ను రమ్మన్నది ఆయనొక్కడు. ఆయనకి తెల్దు. తెల్దు గాబట్టే పిలిసినాడేమోనని ఏటేటా అనుకుంటాను."

"కార్డు మీద దీవెనని మాత్రం రాసి మేడాన్ని ఎలాగోలా ఒప్పిస్తానత్తా," అన్నాను. నిజానికి ఒప్పించగలనన్న నమ్మకం నాకు లేదు.

"వద్దు. రాసీ. గాని పెద్దాయన మనవరాలు, ఆ గుంట, ఇంటికెల్లి సెప్పకముందు నాను సెప్పాల. ఆల్లు పిలవకపోతే ఊరు పిలవదు. అదీ తెలుసు."

"పిలవకపోతే?"

"ఈనెలు సీరుకుంటాను. ఇప్పుడేటి సేత్తన్నాను?" అంటూ లేచి చీర దులుపుకుంది. "బండి తియ్యి."

పెద్దాయన ఇంటి ముందు నులకమంచం బిగిస్తున్నాడు. కూర్చోమన్నా అత్త కూర్చోలేదు. నాకు చెప్పినదంతా అదే వరసలో, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. వసారాలోకి వచ్చిన మనవరాలు అక్కడే ఆగిపోయింది. ఆయన తాడు వదిలేసి వింటున్నాడు. చుట్ట ఆరిపోయింది. నాకు తెలిసి ఆయన నోట్లో ఆరిన చుట్ట చూడడం అదే మొదలు.

"ఆ గింజలు తీసినామె మాకేటవుద్ది?" అన్నాడు చివరికి.

"మీ తాతని కన్నామె."

ఆయన మళ్ళీ తాడు అందుకున్నాడు. ఒక వరస లాగి బిగించాడు. "ఎండ దిగిపోతంది. ఎల్లండి," అన్నాడు. అంతే.

దారిలో నాకు జోకు ఒక్కటీ తట్టలేదు. అత్తే నా వీపు మీద తట్టి, "తిన్నగా తోలు. నన్ను గోతిలో పడేత్తే కొయ్య ఎవుడికిత్తావు?" అంది.

కార్డు మళ్ళీ రాశాను. "కుప్ప ముద్ర. పంట పంచేదాకా రైతు తన గింజలు తానే ముట్టకుండా ఎస్టేటు వేయించినది. ఇప్పుడు అదే ఊళ్ళో పంట నిలవాలని వేస్తున్నారు." దాని కింద, మేడాన్ని అడక్కుండా, "వేసేది ఒక ఆడమనిషి" అని చేర్చాను. మేడం చదివి కొట్టెయ్యలేదు. ఆ రెండిళ్ళ కథ కార్డు మీద పెట్టలేదు. ఇక్కడ రాస్తున్నానంటే అత్తా పెద్దాయనా ఇద్దరూ ఒప్పుకున్నాకే.

కార్తీకంలో కొయ్య అత్తకి తిరిగి ఇచ్చేశాను. మార్గశిరంలో ఆ ఊళ్ళో కోతల మిషన్లు దిగాయి. ఇప్పుడు కళ్ళాలు తక్కువ, రోడ్డు వారన బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. ఆరాక కుప్ప చేస్తారు. కుప్పలు లేచాయి. పెద్దాయన కుప్ప అన్నిటికంటే ముందు లేచింది. పిలుపు రాలేదు. ఆయన పిలవలేదని మిగతావాళ్ళూ పిలవలేదు. ధాన్యం మిల్లుకి పంపాల్సినవాళ్ళు సైతం రేపు చూద్దాంలే అని కుప్పల మీద బరకాలు కప్పి కూర్చున్నారు.

నేను రోజూ ఏదో వంకతో వెళ్ళేవాణ్ణి.

"ఏటి రోజూ ఒస్తన్నావు? కాలేజీ మూసీసినారేటి?" అంది అత్త రెండో రోజు. అరుగు మీద కొయ్య కడిగి ఆరబెట్టి ఉంది. పక్కన కుండలో జల్లించిన బూడిద ఉంది. నేను దాన్ని చూడడం చూసి, "అంట్లు తోముకోడానికి," అంది. ఆ బూడిదతో ఊరందరి అంట్లూ తోమొచ్చు.

మూడో రోజు పొద్దెక్కాక పెద్దాయన వచ్చాడు. ఆ మొదటి ఏడాది తప్ప ఎప్పుడూ కబురు పంపే మనిషి, తనే వచ్చి వాకిలి అవతల నిలబడ్డాడు. మనవరాలు ఆయన వెనకే ఉంది.

"కుప్ప ఎండిపోనాది. ముద్ర ఏత్తావా, నేదా?"

"పిలిత్తే రానా?" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం అరుగు అంచు పట్టుకుంది.

"ఒక మాట. ఈ ఏడు మా ఇంట కూడా గింజలు పుచ్చుకోవాల. ఊరందరి దగ్గరా పుచ్చుకుని మా దగ్గరొద్దంటే, మేవేటి ఇంకా ఆ ఎండలోనే ఒంగున్నామా?"

అత్త లేచింది. కొయ్య తీసుకుంది. కుండ నేను పట్టుకున్నాను. ముందు ఆమె, వెనక మేం ముగ్గురం రోడ్డు దాకా నడిచాం. పక్క కుప్పలవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు.

అత్త కుప్ప చుట్టూ తిరిగి ముద్రలు వేసింది. ఎప్పుడూ చకచకా వేసేది, ఈసారి ఒక్కొక్కటీ వేసి, వెనక్కి జరిగి చూసుకుని మరోటి వేసింది. అయిపోయింది. మామూలుగా అయితే ఇవ్వాల్సిన గింజలు ముందే పక్కన పోసి ఉంచుతారు. పెద్దాయన ఏమీ ఉంచలేదు. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, అప్పుడే పడ్డ ముద్ర నడిమధ్యలో రెండు చేతులూ దింపాడు. గీతలు తెగి గింజలు జారాయి. దోసిలి నిండా తీసి అత్త వైపు చాపాడు.

అత్త చేట తెచ్చుకోలేదు. ఆయన ముఖం కేసి చూసి, కొంగు పట్టింది.

"సాలు. సిరుగుద్ది," అంది మూడో దోసిలికి.

"సిరిగితే కుట్టుకో," అన్నాడాయన, నాలుగోది పోస్తూ.

చెదిరినచోట ఆమె మళ్ళీ ముద్ర వెయ్యలేదు. కొయ్య మనవరాలి చేతికిచ్చి, రెండు చేతులతో కొంగు పొదివి పట్టుకుని, పక్క కుప్ప వాళ్ళు పిలుస్తుంటే అటు నడిచింది.